పెన్సిల్ పట్టుకుని చదివే అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మూడు నవలల మీద, ఒక అడవి పుస్తకం మీద రాశావు. "చదివినవాటి గురించి ఎలా రాయాలో చెప్పు పెదనాన్నా" అని అడిగావు. ఎలా రాయాలో కన్నా ఎలా రాసి పాడుచేసుకున్నానో నాకు బాగా తెలుసు. అక్కణ్ణించే మొదలుపెడతాను.

ముప్పై ఏళ్ల పాటు, చదవడం అయిపోయిన ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల తారీఖు వేసి ఒక మాట రాసేవాణ్ణి. "అద్భుతం", "పర్వాలేదు", "తప్పక చదవాలి". రిటైరయ్యాక అలమర సర్దుతూ అవన్నీ తిరగేశాను. "అద్భుతం" అని రాసుకున్న వాటిలో సగం పుస్తకాల కథే గుర్తులేదు. ఒక్కదాంట్లో మాత్రం మధ్యలో ఎక్కడో పెన్సిల్‌తో "ఇక్కడ మూసేశాను, నాన్న గుర్తొచ్చాడు" అని ఉంది. అది చూడగానే ఆ మధ్యాహ్నం, నేను కూర్చున్న కుర్చీ, ఆ పేజీలో కొడుకు తండ్రికి చెప్పులు తొడిగే సన్నివేశం, అంతా తిరిగొచ్చింది. మిగతా మాటలన్నీ ఎవరైనా రాయగలిగినవే.

ఇప్పుడు నీ రెండో కాగితం తియ్యి. "రచయిత ప్రకృతిని కళ్లకు కట్టినట్టు వర్ణించారు" అన్నావు. ఎవరి కళ్లకి? ఏం కట్టారు? కోప్పడకు, ఆ వాక్యం నేనూ లెక్కలేనన్ని సార్లు రాశాను. దాని పక్కనే నువ్వు కొట్టేసిన వాక్యం ఒకటుంది, వెలుతురుకి పట్టి చదివాను. "వాన పేజీ చదువుతుంటే నాకు చలి వేయలేదు, విసుగేసింది" అని. అదెందుకు కొట్టేశావు? నీ కాగితాలన్నిటిలో నీ గొంతు వినపడింది అక్కడే. పెద్ద పుస్తకాన్ని విసుక్కోవడం తప్పనుకున్నావేమో. పేజీ నంబరు వేసి, ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గిందో రాస్తే విసుగు కూడా పనికొచ్చే సమాచారమే.

ఉదాహరణ చెబుతాను. 1851లో వచ్చిన హెర్మన్ మెల్విల్ నవల 'మోబీ డిక్'లో కథ ఆగిపోయి తిమింగలాల రకాల మీద పాఠం మొదలవుతుంది. రెండుసార్లు అక్కడే వదిలేశాను. మూడోసారి ఓపిక పట్టాను. తిమింగలానికి ఊపిరితిత్తులు ఉన్నాయి, వెచ్చని రక్తం ఉంది అని తనే చెబుతూ, అయినా సరే అది చేపేనని పట్టుబడతాడు కథ చెప్పేవాడు. పగలబడి నవ్వాను. పాఠం అనుకున్నది పాఠం కాదు, ఆ మనిషి మొండితనం. వదిలేసిన రెండుసార్లూ ఎందుకు వదిలానో రాసుకుని ఉంటే ఈ నవ్వు ఇంకా బాగుండేది.

అన్నిటికన్నా ముఖ్యంగా, తారీఖు వేసుకో. పుస్తకం మారదు, నువ్వు మారతావు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'ఆరణ్యక్' 1939లో వచ్చిన బెంగాలీ నవల, తెలుగులో 'వనవాసి'గా దొరుకుతుంది. ఉద్యోగం లేని సత్యచరణ్ ఎస్టేట్ మేనేజరుగా అడవికి వెళ్తాడు. మొదట ఆ ఒంటరితనం భరించలేడు, తర్వాత ఆ అడవిని వదల్లేడు. అతని పనేమో ఆ అడవినే ముక్కలు చేసి కౌలుకి ఇవ్వడం. ఇరవై రెండేళ్లప్పుడు చదివినప్పుడు నాకు కనపడింది వెన్నెల ఒక్కటే. అడవి పోతుంటే ఏడ్చాను, ఎవరు పోగొడుతున్నారో పట్టించుకోలేదు. నలభై దాటాక, కాగితాల మీద సంతకాలు పెట్టే ఉద్యోగంలో ఉండగా మళ్లీ చదివాను. సత్యచరణ్ మీద ఎంత కోపం వచ్చిందంటే రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. అంతగా ప్రేమించినవాడే అప్పజెప్పాడు కదా అని. ఆ కోపంలో సగం నా మీదే అని తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఈ మధ్య మూడోసారి చదివితే వెన్నెలా లేదు, కోపమూ లేదు. ఎవరూ చూడని చోట పూలమొక్కలు తెచ్చి నాటే యుగళప్రసాద్ ఒక్కడే కనపడ్డాడు. మొదటి రెండుసార్లూ అతన్ని పిచ్చివాడనుకుని దాటేశాను.

ప్రకృతి పుస్తకాల దగ్గర ఇంకో సంగతుంది. నవలలో మనిషిని మనం వెళ్లి సరిచూసుకోలేం. పిట్టని, చెట్టుని, వానపాముని చూసుకోగలం. అందుకని ఆ పుస్తకాలు కుర్చీలోనే మొదలై కుర్చీలోనే అయిపోకూడదు. ఒక అధ్యాయం చదివాక బయటికి వెళ్లి, అందులో చెప్పినదాంట్లో ఒక్కటి చూడు. కనపడకపోతే కనపడలేదనే రాయి. రేచల్ కార్సన్ 1962లో రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' పిట్టల పాట లేని ఊరితో మొదలవుతుంది. అలాంటి ఊరు నిజంగా లేదని ఆవిడే అక్కడే చెప్పేసింది. ఆ ఊరు నన్ను పెద్దగా కదిలించలేదు. కదిలించింది లోపలి లెక్క. ఎల్మ్ చెట్ల మీద డీడీటీ అనే పురుగుమందు కొడతారు, ఆకులు రాలతాయి, వానపాములు ఆ ఆకులు తింటాయి, వానపాముల్ని రాబిన్ పిట్టలు తిని చచ్చిపోతాయి. అది చదివిన మర్నాడు వాన పడింది. దారిలో వానపాముల్ని తొక్కకుండా నడవడానికి నేను పడ్డ అవస్థ చూసి మీ పెద్దమ్మ కాలు బెణికిందా అని అడిగింది. నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్నది అదే. ఇంకో పేజీ విశ్లేషణ రాసినా అంతకన్నా ఏం చెప్పేవాణ్ణి?

ఇంకొకటి. ప్రకృతి రచన అంటే చూసింది చూసినట్టు రాసేదని నమ్మి మోసపోయానని ఒకప్పుడు గింజుకున్నాను. అమెరికన్ రచయిత థోరో 1845 జులై 4న వాల్డెన్ చెరువు పక్కకి వెళ్లి రెండేళ్ల రెండు నెలలు ఉన్నాడు. 1854లో వచ్చిన 'వాల్డెన్' పుస్తకంలో అదంతా ఒక్క ఏడాదిగా కుదించాడు. ఇది తెలిసినప్పుడు చిన్నబుచ్చుకున్నాను. కానీ ఆయన దాచిపెట్టలేదు, సులువు కోసం రెండేళ్లని ఒకటి చేస్తున్నానని పుస్తకంలోనే అన్నాడు. నేనే ఆ వాక్యం దాటేశాను. నీకూ ఇలా ఎప్పుడైనా ఒళ్లు మండితే, కారణం పుస్తకంలో ఉందా నీ చదవడంలో ఉందా అని ఒకసారి వెనక్కి వెళ్లి చూడు. సగం సార్లు మన వైపే ఉంటుంది. ఉన్నా సరే, మొదట రాసిన కోపాన్ని చెరపకు. కింద ఇంకో తారీఖు వేసి కొత్త మాట రాయి.

కథ సారాంశం మూడు వాక్యాలు దాటనివ్వకు, నచ్చిన వాక్యాన్ని నీ చేత్తో ఎత్తి రాసుకో. ఇంకెవరి అభిప్రాయమైనా నీది రాశాకే చదువు. వాళ్లది ముందు చదివితే నీది ఏదో నీకే తెలియకుండా పోతుంది. ఈ విషయంలో నేను పూర్తిగా మొండివాణ్ణి.

మూడో నవల సగంలో ఆపేశానని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, ఆ కాగితం తిరిగి పంపుతున్నాను. వెనక వైపు ఖాళీగానే ఉంది. ఏ పేజీలో ఆపావో, ఆ పూట ఏం జరిగిందో రాసి పంపు.

మీ పెదనాన్న