ఆన్సిబుల్ అమరికలు: పాఠకుల సందేహాలకు సమాధానాలు

పదుల కొద్దీ లినక్స్ సర్వర్లను ఒక్కొక్కటిగా తెరిచి సరిచేసే శ్రమను తప్పించేందుకు వాడే సాధనాలలో ఆన్సిబుల్ ఒకటి. మైకేల్ డిహాన్ 2012లో విడుదల చేసిన ఈ సాధనం 2015 నుంచి రెడ్ హ్యాట్ సంస్థ చేతిలో ఉంది. దాని అమరికల గురించి మాకు అందిన ఉత్తరాలలో, పనిచేసేవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బందులను ప్రస్తావించిన వాటిని ఎంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా కార్యాలయంలో 40 సర్వర్లు ఉన్నాయి. ఒకేసారి 20 సర్వర్లపై పని జరగాలని, ప్రాజెక్టు ఫోల్డరులోని ఆన్సిబుల్ డాట్ సీఎఫ్‌జీ ఫైలులో ఫోర్క్స్ విలువను 20గా మార్చాను. అయినా ఐదేసి చొప్పునే నడుస్తోంది. నేను విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే సదుపాయం) వాడుతున్నాను. ప్రాజెక్టు ఫోల్డరు సి డ్రైవులో ఉంది. ఫైలులో అక్షరదోషం కూడా లేదు. లోపం ఎక్కడ? (ఒక పాఠకుడు, కాకినాడ)

సమాధానం: మీ ఫైలులో లోపం లేదు; ఆన్సిబుల్ దానిని చదవనే లేదు. అమరికల ఫైలు కోసం ఆన్సిబుల్ నాలుగు చోట్ల వరుసగా వెతుకుతుంది. ఆన్సిబుల్ కాన్ఫిగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏదైనా ఫైలు పేరు ఉంటే ముందు దానిని, లేకపోతే మీరు ఆదేశం ఇస్తున్న ఫోల్డరులోని ఆన్సిబుల్ డాట్ సీఎఫ్‌జీని, అదీ లేకపోతే మీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే అదే పేరు గల ఫైలును, చివరికి ఈటీసీ డైరెక్టరీలోని ఆన్సిబుల్ ఫోల్డరులో ఉన్న ఫైలును తీసుకుంటుంది. ముందుగా దొరికిన ఒక్క ఫైలుతోనే సరిపెట్టుకుని మిగిలిన వాటి వైపు చూడదు. ఈ నాలుగింటిలోని విలువలు ఒకదానితో ఒకటి కలుస్తాయని చాలామంది అనుకుంటారు గాని, అటువంటి కలయిక ఇందులో లేదు. ప్రాజెక్టు ఫోల్డరులో రెండు పంక్తుల ఫైలు ఉంటే చాలు, ఈటీసీలో రాసుకున్న పెద్ద ఫైలంతా నిరుపయోగమే.

మీ విషయంలో అసలు కారణం సి డ్రైవు. డబ్ల్యూఎస్ఎల్ లోపలి నుంచి చూసినప్పుడు విండోస్ డ్రైవులోని ఫోల్డర్లు, మనం ప్రత్యేకంగా మార్చకపోతే, ఎవరైనా రాయగలిగినట్టుగా 777 పర్మిషన్లతో కనిపిస్తాయి. అటువంటి ఫోల్డరులో ఉన్న అమరికల ఫైలును ఆన్సిబుల్ ఉద్దేశపూర్వకంగానే పక్కన పెడుతుంది. ప్లగిన్లను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది కూడా ఆ ఫైలులోనే రాయవచ్చు కనుక, అందరూ రాయగలిగిన చోటును నమ్మితే, మరెవరో అక్కడ పెట్టిన కోడు మీ అధికారాలతో నడిచే ప్రమాదం ఉంటుంది. ఫైలును పట్టించుకోవడం లేదన్న హెచ్చరిక తెరపై మొదట్లోనే వస్తుంది. 40 సర్వర్ల ఫలితాలు దాని కింద దొర్లేసరికి అది కనబడకుండా పోతుంది.

ఇకపై ఏ సెట్టింగు మార్చినా రెండు సంగతులు చూసుకోండి. ఆన్సిబుల్ ఆదేశానికి వెర్షన్ ఆప్షన్ జోడించి నడిపితే, వచ్చే జవాబులో కాన్ఫిగ్ ఫైల్ అన్న పంక్తి ఉంటుంది. ఏ ఫైలు చదువుతోందో అక్కడ తెలుస్తుంది. ఏదీ చదవకపోతే నన్ అని ఉంటుంది. ఆన్సిబుల్ కాన్ఫిగ్ డంప్ ఆదేశానికి ఓన్లీ చేంజ్‌డ్ ఆప్షన్ చేరిస్తే, సహజ విలువ నుంచి మారిన సెట్టింగులు మాత్రమే, ఒక్కొక్కటి ఏ ఫైలు నుంచి వచ్చిందో దాని పక్కనే రాసి వస్తాయి. ఆ జాబితాలో ఫోర్క్స్ లేదంటే మీరు రాసిన 20 దానికి చేరలేదని అర్థం. ప్రాజెక్టును డబ్ల్యూఎస్ఎల్‌లోని లినక్స్ హోమ్ డైరెక్టరీకి మార్చుకోవడం శుభ్రమైన పరిష్కారం. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఫైలును బలవంతంగా చదివించవచ్చు, కాని ఆ ఫోల్డరు పర్మిషన్ల వల్ల వచ్చే చిక్కులు అంతటితో తీరవు. అటువంటి మరొక చిక్కు గురించి దిగువ వాల్ట్ సమాధానంలో ఉంది.

ఫోర్క్స్ పెంచినంత మాత్రాన వేగం నాలుగు రెట్లు అవుతుందని ఆశించకండి. సాధారణ పద్ధతిలో ఒక టాస్క్ (అప్పగించిన ఒక్కొక్క పని) అన్ని సర్వర్లలోనూ ముగిసిన తరువాతనే ఆన్సిబుల్ తదుపరి టాస్క్‌కు వెళుతుంది కనుక, నెమ్మదిగా స్పందించే ఒక్క సర్వరు చాలు, మిగిలినవన్నీ వేచి ఉండడానికి. సర్వర్ల వివరాలు ప్లేబుక్‌లో (టాస్క్‌ల వరుసను రాసిన ఫైలులో) ఎక్కడా వాడనప్పుడు, వాటిని సేకరించే గ్యాదర్ ఫ్యాక్ట్స్‌ను ఆపివేయడం, పైప్‌లైనింగ్‌ను ఆన్ చేసి ఎస్ఎస్‌హెచ్ (సర్వరుకు భద్రంగా కలిపే మార్గం) రాకపోకలు తగ్గించడం చాలాచోట్ల ఫోర్క్స్ కంటే ఎక్కువ ఫలితం ఇస్తాయి. పైప్‌లైనింగ్‌కు ముందు సర్వర్లలోని సుడోయర్స్ ఫైలులో (అడ్మిన్ అధికారాలు ఎవరికో చెప్పే ఫైలు) రిక్వైర్ టీటీవై (టెర్మినల్ తప్పనిసరి అన్న నియమం) లేకుండా చూసుకోవాలి.

ప్రశ్న: ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) కాన్ఫిగరేషన్ టెంప్లేటును మార్చి ప్లేబుక్ నడిపాము. ఆ తరువాతి టాస్క్‌లో ఒక ప్యాకేజీ దిగకపోవడం వల్ల రెండు సర్వర్లలో పని ఆగిపోయింది. కారణం సరిచేసి మళ్లీ నడిపితే అన్నీ ఓకే అని పచ్చగా వచ్చాయి. కాని ఆ రెండు సర్వర్లు ఇప్పటికీ పాత కాన్ఫిగరేషన్‌తోనే నడుస్తున్నాయి. ఫైలు తెరిచి చూస్తే కొత్తదే ఉంది. ఇది ఆన్సిబుల్‌లోని బగ్ కాదా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: బగ్ కాదు, కాని బగ్ కంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే తెరపై ఎర్రగా ఏదీ కనిపించదు. జరిగినది ఇది. మొదటిసారి నడిపినప్పుడు టెంప్లేట్ టాస్క్ కొత్త ఫైలును రాసి, చేంజ్‌డ్ అని చెప్పి, ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయవలసిందిగా హ్యాండ్లర్‌కు (కబురు అందితేనే నడిచే టాస్క్‌కు) కబురు పెట్టింది. హ్యాండ్లర్లు వెంటనే నడవవు, టాస్క్‌లన్నీ అయిన తరువాత నడుస్తాయి. ఈలోగా ప్యాకేజీ టాస్క్ విఫలం కావడంతో ఆ రెండు సర్వర్లు ప్లే నుంచి తప్పుకున్నాయి, వాటితోపాటు వాటి హ్యాండ్లర్ కబురూ పోయింది. రెండవసారి నడిపినప్పుడు డిస్కు మీది ఫైలు, టెంప్లేటు ఒకటిగానే ఉన్నాయి కనుక టాస్క్ ఓకే అన్నది. ఓకే అన్న టాస్క్ ఎవరికీ కబురు పెట్టదు. ఆన్సిబుల్ పోల్చేది డిస్కు మీది ఫైలును మాత్రమే, మెమరీలో నడుస్తున్న ఇంజిన్‌ఎక్స్ ఏ అమరికతో ఉందో దానికి తెలియదు.

ప్రస్తుతానికి లిమిట్ ఆప్షన్‌తో ఆ రెండు సర్వర్లకే పరిమితం చేసి, సర్వీస్ మాడ్యూలుతో (మాడ్యూలు అంటే ఒక రకం పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము) ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయండి. ముందు ముందు ఇది జరగకుండా ఉండడానికి ఫోర్స్ హ్యాండ్లర్స్ అనే సెట్టింగును చాలామంది సూచిస్తారు. టాస్క్ విఫలమైనా అప్పటివరకు అందిన కబుర్ల ప్రకారం హ్యాండ్లర్లు నడుస్తాయన్నది నిజమే, కాని సగం మారిన సర్వరులో సర్వీసును రీలోడ్ చేయడం ప్రతిచోటా క్షేమం కాదు. కాన్ఫిగరేషన్‌కు సంబంధించిన టాస్క్‌లు అయిపోయిన చోటనే మెటా మాడ్యూలుతో ఫ్లష్ హ్యాండ్లర్స్ అని రాసి, హ్యాండ్లర్లను అక్కడికక్కడే నడిపించడం మాకు మెరుగైన పద్ధతిగా తోస్తుంది.

అంతకు ముందు కొత్త ఫైలు సరైనదో కాదో పరీక్షించడం అవసరం. ఎస్ఎస్‌హెచ్‌డీ, సుడోయర్స్ వంటి ఫైళ్లకు టెంప్లేట్ మాడ్యూలులోని వాలిడేట్ చక్కగా పనిచేస్తుంది. తాత్కాలిక ఫైలును పరీక్షించి, అది నెగ్గితేనే అసలు చోట పెడుతుంది. ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్కొక్క సైటుకు ఒక చిన్న ఫైలు రాసే చోట ఇది పనికిరాదు. ఆ ముక్కను విడిగా పరీక్షిస్తే, సర్వర్ అన్న పదం ఇక్కడ ఉండకూడదని ఇంజిన్‌ఎక్స్ తిరస్కరిస్తుంది. అందువల్ల రెండు హ్యాండ్లర్లు రాయండి: మొదటిది ఇంజిన్‌ఎక్స్‌ను టీ ఆప్షన్‌తో నడిపి మొత్తం కాన్ఫిగరేషన్‌ను పరీక్షించేది, రెండవది రీలోడ్ చేసేది. టాస్క్ నుంచి రెండింటికీ కబురు పెట్టండి. హ్యాండ్లర్లు కబురు అందిన వరుసలో కాక, హ్యాండ్లర్ల విభాగంలో రాసిన వరుసలో నడుస్తాయి కనుక పరీక్షను పైన ఉంచడం మరవకండి. పరీక్ష విఫలమైతే ఆ సర్వరులో రీలోడ్ జరగదు.

ప్రశ్న: కాపీ మాడ్యూలులో మోడ్ 644 అని రాశాను. సర్వరులో చూస్తే ఫైలు యజమానికే చదివే హక్కు లేదు, ఇతరులు మాత్రం చదవగలుగుతున్నారు. (ఒక విద్యార్థి, వరంగల్)

సమాధానం: ముందు సున్నా గాని, చుట్టూ కొటేషన్ గుర్తులు గాని లేకుండా 644 అని రాస్తే యామల్ (ప్లేబుక్‌లు రాసే ఫార్మాట్) దానిని మామూలు దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది. పర్మిషన్లు ఆక్టల్ లెక్కలో ఉంటాయి. దశాంశంలోని 644 ఆక్టల్‌లో 1204 అవుతుంది: 1 అంటే స్టికీ బిట్, యజమానికి 2 అంటే రాయడం మాత్రమే, గ్రూపుకు సున్నా, ఇతరులకు 4 అంటే చదవడం. మీరు చూసినది అక్షరాలా ఇదే. సున్నాతో సహా కొటేషన్లలో '0644' అని రాయండి. ఇదే జాగ్రత్త మరికొన్ని చోట్లా అవసరం. కొటేషన్లు లేకుండా వెర్షన్ 1.10 అని రాస్తే అది 1.1 అవుతుంది, దేశాల కోడ్‌ల జాబితాలో నార్వేకు ఎన్ఓ అని రాస్తే అది ఫాల్స్‌గా మారిపోతుంది. మోడ్‌కు సంబంధించిన పొరపాటును ప్లేబుక్‌లలోని తప్పులు వెతికే ఆన్సిబుల్ లింట్ ముందే పట్టి చూపుతుంది.

ప్రశ్న: గ్రూప్ వార్స్‌లో (ఒక సర్వర్ల గుంపుకు ఇచ్చే విలువల ఫైలులో) పోర్టు 8080 అని రాశాము. రోల్ (మళ్లీ మళ్లీ వాడుకునేలా కట్టిన టాస్క్‌ల కట్ట) మాత్రం 80నే వాడుతోంది. ఎవరి మాట నెగ్గుతుంది? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: ఆ రోల్‌లోని వార్స్ ఫోల్డరులో 80 అని రాసి ఉండాలి. రోల్‌లో డీఫాల్ట్స్, వార్స్ అని రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉంటాయి గాని వాటి బలంలో చాలా తేడా ఉంది. డీఫాల్ట్స్‌లోని విలువను గ్రూప్ వార్స్ సులభంగా తోసిపుచ్చుతుంది. వార్స్‌లోని విలువ ముందు గ్రూప్ వార్స్, హోస్ట్ వార్స్ (ఒక్కొక్క సర్వరుకు ఇచ్చే విలువలు) రెండూ ఓడిపోతాయి. ఆదేశంలో '-e' ఆప్షన్‌తో ఇచ్చిన ఎక్స్‌ట్రా వేరియబుల్ అన్నింటినీ మించుతుంది. ఆన్సిబుల్ డాక్యుమెంటేషన్‌లో ఈ ప్రాధాన్య క్రమం 22 మెట్లుగా ఉంది, దానిని కంఠస్థం చేయడం కన్నా ఒక వేరియబుల్‌ను రెండు చోట్లకు మించి నిర్వచించకపోవడం మేలు. ఆన్సిబుల్ ఇన్వెంటరీ ఆదేశానికి హోస్ట్ ఆప్షన్‌తో సర్వరు పేరు ఇచ్చి చూడండి. అందులో 8080 కనిపిస్తే ఇన్వెంటరీ (సర్వర్ల జాబితా, వాటి విలువలు) వైపు అంతా సవ్యంగా ఉన్నట్టే. వెతకవలసింది రోల్‌లోనో, ప్లేబుక్‌లోనో. రోల్ మీదే అయితే ఆ పంక్తిని డీఫాల్ట్స్‌లోకి మార్చండి.

ప్రశ్న: డేటాబేస్ పాస్‌వర్డు మా గ్రూప్ వార్స్ ఫైలులో మామూలు అక్షరాలలోనే ఉంది, ఆ ఫైలు చాలాకాలంగా గిట్ రిపాజిటరీలో ఉంది. ఇప్పుడు ఆన్సిబుల్ వాల్ట్‌తో (రహస్యాలను దాచే ఆన్సిబుల్ సదుపాయం) ఎన్‌క్రిప్ట్ చేస్తే సరిపోతుందా? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

సమాధానం: సరిపోదు. నేడు ఎన్‌క్రిప్ట్ చేసినా పాత రూపం గిట్ చరిత్రలోనూ, ఇప్పటికే క్లోన్ చేసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ మిగిలే ఉంటుంది. ముందు డేటాబేస్‌లోని పాస్‌వర్డును మార్చండి. ఆ తరువాత కొత్తదానిని వాల్ట్‌లో పెట్టండి. ఫైలు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే ఏ వేరియబుల్ ఎక్కడ ఉందో గ్రెప్‌కు (ఫైళ్లలో పదాలు వెతికే ఆదేశానికి) దొరకదు. రహస్యాలను వాల్ట్ అనే పదంతో మొదలయ్యే పేర్లతో ఒక ఫైలులో ఉంచి దానిని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి, పక్కనున్న మామూలు ఫైలులో ఆ పేర్లను ప్రస్తావించడం వాడుకలో ఉన్న మంచి పద్ధతి.

వాల్ట్ పాస్‌వర్డు ఫైలును రిపాజిటరీ వెలుపల, 600 పర్మిషన్లతో ఉంచండి. దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటే ఆన్సిబుల్ దానిని స్క్రిప్టుగా భావించి నడపబోతుంది. కాకినాడ పాఠకునికి చెప్పదలచిన రెండవ చిక్కు ఇదే: సి డ్రైవులో ప్రతి ఫైలుకూ ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉన్నట్టు కనిపిస్తుంది కనుక, అక్కడ పెట్టిన పాస్‌వర్డు ఫైలు పనిచేయదు.

వాల్ట్ కాపాడేది డిస్కు మీది ఫైలును మాత్రమేనని కూడా గుర్తించండి. డిఫ్ ఆప్షన్‌తో ప్లేబుక్ నడిపితే టెంప్లేటులోని పాస్‌వర్డు తెరపైనా, ఆ ఫలితాలను భద్రపరిచే లాగ్ ఫైళ్లలోనూ చదవదగ్గ రూపంలో పడుతుంది. అటువంటి టాస్క్‌లకు నో లాగ్ పెట్టాలి.

ప్రశ్న: కంట్రోల్ మెషీన్‌లో (ఆన్సిబుల్‌ను నడిపే కంప్యూటరులో) ఆన్సిబుల్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన తరువాత రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 సర్వర్లలో మాడ్యూళ్లు నడవడం లేదు. సర్వర్లలో ఏజెంటు (ముందే వేసి ఉంచే సహాయక ప్రోగ్రాము) అక్కరలేదంటారు కదా! (ఒక పాఠకుడు, తిరుపతి)

సమాధానం: ఏజెంటు అక్కరలేదు, పైథాన్ కావాలి. మాడ్యూలును ఆన్సిబుల్ ఎస్ఎస్‌హెచ్ మీదుగా సర్వరుకు పంపి అక్కడి పైథాన్‌తో నడిపిస్తుంది. ఆ సర్వర్లతో వచ్చే సిస్టమ్ పైథాన్ 3.6, ఆన్సిబుల్ కోర్ 2.17 నుంచి సర్వర్ల వైపు 3.6కు మద్దతు తీసివేశారు. కొత్త పైథాన్ వేసి, ఆన్సిబుల్ పైథాన్ ఇంటర్‌ప్రెటర్ వేరియబుల్‌తో దానిని చూపితే చాలా మాడ్యూళ్లు నడుస్తాయి గాని, ప్యాకేజీలు వేసే డీఎన్ఎఫ్ మాడ్యూలు నడవదు. దానికి కావలసిన లైబ్రరీ సిస్టమ్ పైథాన్‌కే కట్టుబడి ఉంటుంది. కంట్రోల్ మెషీన్‌లో ఒక వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఆన్సిబుల్ కోర్ 2.16 ఉంచుకుని, ఈ సర్వర్లను పైథాన్ 3.9తో వచ్చే రెడ్ హ్యాట్ 9కు మార్చేవరకు వాటి ప్లేబుక్‌లను అక్కడి నుంచే నడపండి.