ఇమ్యూనిటీ పెంచుకుంటే టీబీ క్రిమి గోడ దానంతటదే బద్దలవుతుందా?

తమ్ముడికి టీబీ వచ్చిందని, మాత్రలు మానేసి ఇమ్యూనిటీ పెంచుకుంటే చాలదా అని అడిగారు. చాలదు. ల్యాబ్‌లో కళ్లె పరీక్షలు చేస్తూ బతికినవాణ్ణి, గట్టిగానే చెబుతాను.

టీబీ క్రిమి గోడ మొండితనం స్లైడుకి రంగు వేసేటప్పుడు తెలుస్తుంది. కళ్లె పూసిన గాజు పలక మీద కార్బల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట పెడతాం. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తాం. మిగతా క్రిములు దాదాపు అన్నీ రంగు వదిలేస్తాయి, టీబీ క్రిమి వదలదు. దాని గోడ మీదున్న మైకోలిక్ యాసిడ్లనే కొవ్వుల మైనపు పొర అలాంటిది. చివర్లో మిథిలీన్ బ్లూ పోస్తే నీలం మీద ఎర్రటి సన్న పుల్లలు కనిపిస్తాయి. (అసలు చాలామంది డబ్బాలో తెచ్చేది ఉమ్మి. పొద్దున్నే గట్టిగా దగ్గి కళ్లె తెమ్మంటే వినరు. ఉమ్మిలో మేం ఏం వెతకాలి?)

ఒక కుర్రాడు దగ్గు తగ్గిందని మాత్రలు మానేసి, ఏదో పౌడరు తాగి, మళ్లీ దగ్గుతూ వచ్చాడు. అతని స్లైడే అతనికి చూపించాను.

"యాసిడ్ పోసినా చావలేదా సార్?"

"మంట మీదే చచ్చాయి నాయనా. చచ్చినా రంగు వదల్లేదు."

అలాగని ఒళ్లు ఊరుకోదు. మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు క్రిమిని మింగేస్తాయి. గోడ లోపలి పొర పెప్టిడోగ్లైకాన్‌ని కొరికే లైసోజైమ్ అనే ఎంజైమ్ వాటి దగ్గరుంది, కానీ పైనున్న మైనం అడ్డం. పైగా ఆ క్రిమి మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అయితే ఆ గోడ కొవ్వే దాన్ని పట్టిస్తుంది కూడా. సీడీ1 అనే అణువులు ఆ కొవ్వు ముక్కల్ని పైకి తెచ్చి టీ కణాలనే రక్షణ కణాలకి చూపిస్తాయి. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం వదిలితే మాక్రోఫేజ్‌లకి ఊపొస్తుంది. అయినా చాలాసార్లు జరిగేది చుట్టూ మూగి బంధించడమే, గ్రాన్యులోమా అంటారు.

గోడ కట్టడమే ఆపేది మాత్రలు. మైకోలిక్ యాసిడ్ తయారీని ఐసోనియాజిడ్, దాని కింద ఉండే అరబినోగెలాక్టాన్ అనే చక్కెర పొర తయారీని ఇథాంబ్యుటాల్ ఆపుతాయి. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, మీ తమ్ముడి చేత పూర్తిగా వాడించండి.

ఇమ్యూనిటీ అంటే నా లెక్కలో తిండి. ఝార్ఖండ్‌లో రోగుల ఇళ్లలోవాళ్లకి అదనంగా బియ్యం, పప్పు, విటమిన్లు ఇస్తే వాళ్లకి టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. పౌడరు డబ్బా ఖరీదుకి ఎన్ని గుడ్లొస్తాయో లెక్కేసుకోండి. టీబీ రోగుల తిండి కోసం ఉన్న ప్రభుత్వ పథకం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 1000 రూపాయలిస్తారు, ముందు తమ్ముడి బ్యాంకు వివరాలు ఇచ్చారో లేదో చూడండి.