రీబోర్ తర్వాత ఆయిల్ తాగుతున్న ఇంజిన్: విప్పే ముందు పీసీవీ వాల్వ్ చూడండి

నమస్కారమండి. రీబోర్ చేయించి (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దవి చేయించి) కొత్త పిస్టన్ రింగులు వేయించిన మీ పెట్రోల్ ఇంజిన్ 1000 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోందని, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగానే ఉందని, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మాత్రం ఆయిల్‌తో తడుస్తోందని రాశారు. కంప్రెషన్ బాగుందంటే పై రెండు రింగులు పనిచేస్తున్నాయనే అర్థం. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను గీకే కింది రింగు, అంటే ఆయిల్ రింగు సంగతి ఆ పరీక్షలో తెలియదు. అయినా తడిసిన డబ్బాను బట్టి, ముందుగా క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గది) ఆవిరి బయటికి పోయే దారినే చూడమంటాను.

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రంపై పలుచని కాగితం పెట్టండి: అది మెల్లగా లోపలికి అతుక్కోవాలి, పైకి ఎగురుతుంటే లోపల ఒత్తిడి పేరుకుంటున్నట్టే. ఆ ఆవిరిని తిరిగి ఇంజిన్ పీల్చుకునే గాలిలోకి పంపే పీసీవీ వాల్వ్‌ను ఊడదీసి చెవి దగ్గర ఊపితే టకటకమనాలి. జిడ్డు పట్టి మూగబోతే మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. వాల్వ్ కవర్ కడిగినప్పుడు లోపలి బాఫిల్ రేకును తిరిగి బిగించారో లేదో మెకానిక్‌ను తప్పక అడగండి, ఎందుకంటే అది లేకపోతే వాల్వ్‌లను తెరిచే రాకర్ల దగ్గర చిందే ఆయిల్ నేరుగా ఆవిరి పోయే గొట్టంలోకి పోతుంది (నా బండిలో జరిగింది ఇదే).

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఘాట్ రోడ్డు దిగాక యాక్సిలరేటర్ తొక్కగానే నీలిపొగ వస్తే వాల్వ్ సీళ్లను, లోడ్ మీద ఆగకుండా వస్తే ఆయిల్ రింగులను అనుమానించండి.