సస్పెన్షన్ అడగొద్దు అమ్మణ్ణీ, ఫైలు అడుగు

తిరుపతి
ఆదివారం పొద్దున

చిరంజీవి అమ్మణ్ణికి,

మీ పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మీ అత్తమ్మ కాలికి మళ్లీ కట్టు చూసి ఆ పూట అన్నం సయించలేదు. తుంటి ఆపరేషనయి నాలుగు రోజులన్నా కాకముందే ఎక్స్‌రే కోసం కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీద మోసుకెళ్లడమేంది! నెలల తరబడి లిఫ్టు ఆగిపోయి ఉంటే పట్టించుకున్న నాథుడు లేడు. మోస్తూ కాలు జారిన కాంట్రాక్టు కుర్రాణ్ణి మాత్రం మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. "ఆసుపత్రి పెద్దాయన్ను సస్పెండ్ చేయించేదాకా వదలను" అని రాశావు. నీ కోపం న్యాయమైనదే. కానీ 31 ఏళ్లు ఆసుపత్రి ఆఫీసులో ఫైళ్లతో బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, సస్పెన్షన్ అడగొద్దు.

సస్పెండయితే ఏమవుతుంది? మొదట్లో సగం జీతం, దాని మీద కరువు భత్యం ఇంటికే వస్తాయి. తరవాత అది పెరగనూవచ్చు. విచారణలో తప్పు రుజువు కాకపోతే ఆ కాలమంతా డ్యూటీ కిందే కట్టి బకాయిలు చేతిలో పెడతారు. పేపర్లో ఫొటో పడుతుంది, ఊరు శాంతిస్తుంది, ఆయన ఇంకో ఊళ్లో ఇంకో కుర్చీలో కూర్చుంటాడు. లిఫ్టు సంగతి ఎవరికీ గుర్తుండదు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డు జనరేటరుకు బ్యాటరీలు కావాలని ఫైలు పెట్టాను. రెండంటే రెండు బ్యాటరీలు. ఫైలు తిరిగొచ్చింది. నోటు కింద పై అధికారి ఆకుపచ్చ సిరాతో రాసింది ఒక్కటే మాట, 'డిస్కస్', అంటే వచ్చి మాట్లాడమని. తేదీ కూడా వేయలేదు. వెళ్లి చెప్పి, మళ్లీ పెట్టాను. మళ్లీ 'డిస్కస్'. మూడోసారీ అదే. గాలివాన వచ్చిన ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటరు లేవలేదు, ఒక బిడ్డ దక్కలేదు. మెమో ఎవరికొచ్చిందనుకున్నావు? ఆ రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకు. ఆమెకు ఇంక్రిమెంట్లు ఆపారు. ఆకుపచ్చ సిరాతో రాసిన చెయ్యి మాత్రం పూర్తి పెన్షనుతో రిటైరయింది. ఆ ఫైలు అప్పుడు నా బీరువాలోనే ఉంది. ఎవరూ అడగలేదు. నేనూ తీసుకెళ్లి ఎంక్వయిరీ ఆఫీసరు ముందు పెట్టలేదు. ఆ బరువు ఈ వయసులోనూ దిగలేదమ్మా.

2021 మే 10 రాత్రి మన రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారులే చెప్పారు. ట్యాంకరు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందన్న మాటే ఎక్కడ చూసినా. సాయంత్రం ట్యాంకు మట్టం ఎవరు చూశారు, ఎక్కడ రాశారు అని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. అడగాల్సింది అదీ.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో మెయిడ్‌స్టోన్ అండ్ టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రుల ట్రస్టు ఉంది. 2004 నుంచి 2006 దాకా అక్కడ విరేచనాల అంటువ్యాధి ప్రబలి, సుమారు 90 మంది చావుకు అదే ప్రధాన కారణమని, లేదా కావచ్చని 2007 అక్టోబరులో నివేదిక వచ్చింది. మంచాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయి, నర్సులు చాలలేదు, పెద్దల చూపంతా లెక్కల మీదే ఉంది. నివేదిక బయటపడేలోగా ట్రస్టు పెద్ద, రెండున్నర లక్షల పౌండ్లదాకా వచ్చేలా ఒప్పందం రాయించుకుని తప్పుకుంది. జనం భగ్గుమన్నారు, మంత్రి డబ్బు ఆపమన్నాడు. ఆమె కోర్టుకెక్కింది. ముందు కొంతే ఇచ్చారు, మిగతాదీ ఇవ్వాల్సిందేనని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. కాగితం మీద సంతకమయ్యాక మంత్రి కోపం కూడా పనిచేయలేదు. కోపం కంటే ముందే కాగితం నడవాలి.

మన దగ్గర ఆ కాగితానికి, అంటే అభియోగ పత్రానికి, గడువుంది. మన రాష్ట్ర పెన్షన్ నిబంధనల్లో తొమ్మిదోది చదువు. ఉద్యోగంలో ఉండగానే అభియోగాలు ఇస్తే, రిటైరైనా విచారణ నడుస్తుంది. అది తేలేదాకా తాత్కాలిక పెన్షనే, గ్రాట్యుటీ చేతికి రాదు. రిటైరయ్యాక కొత్తగా మొదలుపెట్టాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి, పైగా నాలుగేళ్లు దాటిన సంగతి ఎత్తకూడదు. అందుకే ఆయన ఎప్పుడు రిటైరవుతాడో ముందు కనుక్కో. ఆఫీసులో ఆ తేదీ అందరికీ తెలుసు.

ఇక సమాచార హక్కు అర్జీ. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు. "ఎందుకు బాగుచేయలేదు" అని మాత్రం రాయొద్దు. ఆ చట్టం ఉన్న కాగితాన్ని ఇస్తుందే గానీ, సంజాయిషీ ఇప్పించదు. లిఫ్టు ఫైల్లో అధికారులు తమ మాట రాసి సంతకం చేసే నోట్‌షీట్లు మొదటి పేజీ నుంచి చివరిదాకా, వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్‌వర్డ్ రిజిస్టరు ఆ నెలల పేజీలు, ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆడిట్ వాళ్లు లేవనెత్తిన అభ్యంతరాల పేరాలు, వాటికిచ్చిన జవాబులు, ధ్రువీకరించిన నకళ్లు కావాలని రాయి. "మరమ్మతు మాది కాదు, రాష్ట్ర వైద్య మౌలిక వసతుల కార్పొరేషన్‌ది" అంటారు. అయితే కార్పొరేషన్‌కు మీరు రాసిన ఉత్తరాలన్నీ ఇవ్వండి అను. ఒక్కటీ లేకపోతే, లేదని రాసిచ్చిన కాగితమే నీకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం.

ఆయన జీతమెంతో ప్రత్యేకంగా అడిగి గొడవ పెట్టుకోకు. అధికారుల నెలజీతాలు ఆఫీసే ప్రకటించాలని అదే చట్టం 4వ సెక్షను చెబుతోంది, ఆ పట్టిక నకలు తీసుకో చాలు. పాత మెమోలు, ఆస్తులూ అడగొద్దు. వ్యక్తిగతమని తోసేస్తారు, సుప్రీంకోర్టు 2012 తీర్పు చూపిస్తారు. మనిషి జోలికి పోకుండా ఆ కుర్చీ చేసిన పని మీదే ఉండు.

నకళ్లు వచ్చాక, తేదీలవారీగా ఒకే పేజీ రాసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. బోధనాసుపత్రి కాబట్టి ఒక ప్రతి వైద్యవిద్య డైరెక్టరుకు రిజిస్టరు పోస్టులో పంపు. ఆయన గురించి అడిగేది ఒక్కటే ఉండాలి: ఫలానా తేదీన ఫలానా సంతకం చేసినవారికి రిటైరయ్యేలోపు అభియోగ పత్రం ఇవ్వాలి.

రాజ్యాంగంలోని 311వ అధికరణం వల్ల విచారణ లేకుండా ఆయన్ను తీసేయలేరని నీకు కోపం వస్తుంది. రానివ్వకు. చెప్పుకునే అవకాశం ఎవరికైనా ఉండాలి. ఆ కాంట్రాక్టు కుర్రాడికి అదే దక్కలేదు. వాణ్ణి వెతికి పట్టుకో. లిఫ్టు ఎన్నాళ్లుగా ఆగి ఉంది, స్ట్రెచరు ఎందుకు దొరకలేదు, మోయమన్నదెవరు, వాడి మాటల్లోనే రాయించి సంతకం తీసుకో. వాణ్ణి మళ్లీ పనిలోకి తీసుకోమని కూడా నీ అర్జీలో ఒక వాక్యం ఉండాలి. అది లేకపోతే ఆ అర్జీ నాకు చూపించొద్దు.

వచ్చే ఆదివారం డిశ్చార్జి సమ్మరీ, రెండు ఎక్స్‌రేలూ తీసుకుని ఇంటికి రా. మొదటి ముసాయిదా నువ్వే రాసుకుని రా, నేను పక్కన కూర్చుని దిద్దుతాను. మీ అత్తమ్మకు పెద్దమ్మ చేసిన రాగి సంగటి ఇష్టం కదా, క్యారేజీ కట్టి ఉంచుతాం.

ఇట్లు,
మీ పెదనాన్న