రాజాం సోదరికి: నాన్నగారి భూమిలో మీ వాటా

నమస్కారమమ్మా. మీ పెళ్లి 1983లో జరిగిందనీ, నాన్నగారు 2001లోనే కాలం చేశారనీ, కాబట్టి పిత్రార్జితంలో మీకు హక్కు లేదంటూ అన్నదమ్ములు హక్కు విడుదల పత్రంపై సంతకం అడుగుతున్నారనీ రాశారు. ఆ సంతకం ఇప్పుడే పెట్టకండి.

మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టిన మాట నిజమే. మీ అన్నదమ్ములు పట్టుకు వేలాడుతున్నది ఆ పాత మాటనే. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ హిందూ కుటుంబాలలో ఆ తేడా తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. చట్టం మన వైపు ఉన్నప్పుడు మొహమాటానికి వదులుకోవడం నాకు నచ్చదు.

మెలిక ఒక్కటుంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం గానీ, జరిగిన అమ్మకం గానీ ఉంటే దాన్ని కదపలేం. అందుచేత సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్వే నంబరు ఇచ్చి ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నామన్న వాదన, గట్టి ప్రభుత్వ పత్రాల ఆధారం ఉంటే తప్ప నిలవదు. 1బిలో (రెవెన్యూ వారి భూ యజమానుల రికార్డులో) అన్నదమ్ముల పేర్లే ఉన్నాయని కంగారు పడకండి. పాసుపుస్తకం మారినంత మాత్రాన వాటా పోదు, పెళ్లిలో పెట్టిన బంగారం దానికి బదులూ కాదు.

భూమి నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే మీకు కొడుకులతో సమాన వాటా వస్తుంది.

న్యాయవాది ఖర్చుకు వెనకాడవద్దు. విజయనగరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, ఆదాయంతో నిమిత్తం లేకుండా, స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈసీ నకలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వెంట తీసుకెళ్లండి.