ఇండోనేషియాలోని సురబయలో ఉద్యోగం వచ్చింది, అక్కడి జనం యూట్యూబ్‌లో ఏం చూస్తారు, నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు వెళ్ళేది సురబయ అన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, జకార్తా సెలబ్రిటీల వ్లాగులతో మొదలుపెట్టకండి. వెతగ్గానే అత్తా హలిలింతార్ లాంటి వాళ్ళే ముందు వస్తారు. ఆయన 2019లోనే కోటి సబ్‌స్క్రైబర్లు దాటిన యూట్యూబర్. పెద్ద ఇళ్ళు, కార్లు, పెళ్ళి, పిల్లలు అన్నీ కెమెరా ముందే. చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ నేను సురబయ ఉండే తూర్పు జావాలోనే ఒక మిల్లులో పనిచేసినన్నాళ్ళూ షిఫ్ట్ మారే టైములో మావాళ్ళ ఫోన్లలో వినబడింది వేరు. అంతా జావనీస్ భాషలోనే, పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పాటలూ కామెడీలూ. ఆఫీసులో ఇండోనేషియన్ మాట్లాడినా టీ తాగేటప్పుడు అందరూ జావనీస్‌లోకి దిగిపోతారు, మీరూ చూస్తారు.

అందుకే మొదట 'తిలిక్' అనే షార్ట్ ఫిల్మ్ చూడండి. అరగంట ఉంటుంది. 2018లో జావాలోనే ఉన్న యోగ్యకర్త ప్రాంతపు ప్రభుత్వ సాంస్కృతిక శాఖ డబ్బుతో తీశారు, 2020 ఆగస్టులో యూట్యూబ్‌లో పెట్టాక దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. కథంటూ పెద్దగా లేదు. ఆస్పత్రిలో ఉన్న తమ ఊరి సర్పంచమ్మను పలకరించడానికి ఆడవాళ్ళంతా సామాన్లు మోసే లారీ వెనక నిలబడి పట్నం బయల్దేరతారు. దారి పొడుగునా బు తెజో అనే ఆవిడ, ఊళ్ళో పెళ్ళికాని ఒక అమ్మాయి గురించి చెప్పుకుంటూనే పోతుంది. మాట్లాడేటప్పుడు ఆవిడ పెదవి ఎలా తిప్పుతుందో, చేతి బంగారం కనబడేట్టు చెయ్యి ఎలా ఊపుతుందో చూడండి. పోలీసు లారీ ఆపితే ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అతని మీద పడి తిడతారు. ఆ సీన్ చూస్తే భాష రాకపోయినా నవ్వాగదు. చివర ఏమవుతుందో చెప్పను. సితి ఫౌజియా అనే నటి ఈ ఒక్క పాత్రతో ఇంటింటికీ తెలిసిపోయింది.

తర్వాత పాటలు. దంగ్దుత్ అనే సంగీతం మీకు కొత్తగా అనిపించదు, పాత హిందీ సినిమా పాటల ప్రభావం దాంట్లో బాగా ఉంది. తూర్పు జావాలో దాని స్పీడు పెంచి కొప్లో అనే రకం చేశారు. స్టూడియో వీడియోలు వదిలేసి స్టేజి వీడియోలు చూడండి, న్యూ పల్లప, మొనాత, అదెల్ల లాంటి ట్రూపులవి. పెళ్ళికో సున్తీ వేడుకకో వీళ్ళను పిలుస్తారు. గాయని పాడుతుంటే అసలు పాటను నడిపేది వెనక కూర్చుని కెండంగ్ అనే డోలు వాయించేవాడు. చరణం అయిపోయి అతను దరువు మార్చగానే మిగతా వాద్యగాళ్ళు మధ్యమధ్యలో కేకలేస్తారు, కింద జనం చేతులెత్తి ఊగుతారు, కొందరు పైకెక్కి గాయనికి నోట్లిస్తారు. ఇదంతా యూట్యూబ్ పుట్టించింది కాదు. అంతకుముందు ఇవే ప్రోగ్రాములు వీసీడీలుగా ఊరూరా తిరిగేవి. తూర్పు జావాలోని పసురువాన్ అమ్మాయి, గాయని ఇనుల్ దరాతిస్తా పైరసీ వీసీడీల వల్లే దేశమంతా తెలిసిపోయింది. 2003లో ఆమె డాన్సు మీద పెద్ద గొడవ జరిగి, దంగ్దుత్ రారాజు రోమా ఇరామా బహిరంగంగా తప్పుపట్టాడు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, అయినా ఆ గొడవలో నేను ఇనుల్ వైపే. అదే స్టేజీల మీద పాడుతూ పైకొచ్చిన సిదోఆర్జో అమ్మాయి వియా వల్లెన్ 2018 ఆసియా క్రీడల పాట పాడింది.

దిది కెంపోత్‌ని మాత్రం తప్పకుండా వినండి. మధ్య జావాలోని సోలో అనే ఊరికి చెందిన ఈ గాయకుడు రోడ్ల మీద పాడుతూ మొదలై, ముప్పై ఏళ్ళపాటు జావనీస్‌లో ఎడబాటు పాటలే పాడాడు. పెద్దవాళ్ళు వినే పాటలనుకున్నవి 2019లో ఉన్నట్టుండి సోషల్ మీడియాలో కాలేజీ పిల్లల చేతికి వచ్చాయి. 'స్తసియున్ బలపాన్' పాటలో, మళ్ళీ వస్తానని రైల్వే స్టేషన్లో మాటిచ్చి వెళ్ళిన మనిషి ఇక రాదు, అంతే. కచేరీ వీడియోల్లో ఇరవై ఏళ్ళ మగపిల్లలు ఏడుస్తూ గొంతు కలుపుతారు. కోవిడ్ మొదలయ్యాక 2020 ఏప్రిల్లో ఇంటి నుంచే టీవీలో పాడి 700 కోట్లకు పైగా రూపియా (అక్కడి డబ్బు) విరాళాలు పోగుచేశాడు. నెల తిరక్కముందే మే 5న పోయాడు, 53 ఏళ్ళు. నాకు ఇప్పటికీ ఆ ఏప్రిల్ వీడియో పూర్తిగా చూడాలంటే కష్టం.

మీరు ఇండియా అనగానే అర్జునుడి గురించి అడుగుతారు, రెడీగా ఉండండి. 2014లో స్టార్ ప్లస్ మహాభారతం అక్కడ ఏఎన్‌టీవీ అనే ఛానల్లో వచ్చి, అర్జునుడి వేషం వేసిన షహీర్ షేక్ అక్కడే పెద్ద స్టార్ అయిపోయాడు. భారతం వాళ్ళకు ఆ సీరియల్‌తో వచ్చింది కాదు లెండి, తరతరాలుగా వయాంగ్ తోలుబొమ్మల్లో ఆడుతున్నదే. యోగ్యకర్త కళాకారుడు కి సెనో నుగ్రొహో రాత్రంతా జరిగే ఆటలను యూట్యూబ్‌లో లైవ్ పెట్టేవాడు. 2020 నవంబరులో చనిపోయాడు గానీ వీడియోలున్నాయి. యుద్ధాల దాకా ఓపిక లేకపోతే బాగోంగ్ అనే హాస్యగాడు వచ్చే చోటు చూడండి. మన ఆటలో కేతిగాడూ బంగారక్కా రాగానే జనం సర్దుకుని కూర్చుంటారే, అచ్చం అదే.

ఇంకొకటి, వీడియోల్లో 'సౌండ్ హొరెగ్' చూసి సరదాగా ఉందే అనుకుంటారు, లారీ మీద గోడలా స్పీకర్లు పేర్చి ఊరేగింపుల్లో తిప్పుతారు. దగ్గర్లో ఉంటే కిటికీ అద్దాలు అదురుతాయి, చంటిపిల్లలకూ ముసలివాళ్ళకూ నరకం. 2025 జులైలో తూర్పు జావా ఉలేమా (ఇస్లాం మతపండితుల) మండలి, జనానికి హాని చేసేట్టుంటే అది హరామే అని ఫత్వా కూడా ఇచ్చింది. ఆగస్టులో స్వాతంత్ర్య దినం కార్నివాల్‌లు ఎక్కువ, కాబట్టి ఊరి బయట ఇల్లు అద్దెకు తీసుకుంటుంటే ఆ ఊరేగింపు ఏ వీధిలో వెళ్తుందో పక్కింటివాళ్ళను అడిగి అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.