సమాధానం: టెలోమియర్ టెస్టులో వయసు ఎక్కువ వచ్చిందని అడిగిన మీకు

మీ వయసు 45, టెస్టులో కణాల వయసు 54 అని వచ్చింది, టెలోమియర్లను మళ్లీ పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమ్‌ని పెంచే మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దండీ. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి, ఆ 54 మీ శరీరం వయసు కాదు.

క్రోమోజోముల కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల వరుస మళ్లీ మళ్లీ వచ్చే భాగమే టెలోమియర్. కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్ఏ కాపీలో చివరి కాస్త ముక్క కాపీ కాకుండా ఉండిపోతుంది, అలా అరిగి అరిగి బాగా పొట్టిదయ్యాక కణం విభజన ఆపేస్తుంది. మన కణాలు ల్యాబ్‌లో సుమారు 40 నుంచి 60 సార్లే విడిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త గమనించడానికి ముఖ్య కారణం ఇదే.

టెస్టు వయసు చెప్పేది ఈ టెలోమియర్ల పొడవు చూసే. కానీ ఆ పొడవు పుట్టుకతోనే మనిషికీ మనిషికీ చాలా తేడా. పైగా మీ టెస్టు చూసింది రక్తంలోని తెల్లకణాల్లో ఆ పొడవు సగటు మాత్రమే, మెదడులో న్యూరాన్లు దాదాపు విడిపోకుండానే ముసలివవుతాయి. ల్యాబ్ ఎలుకల టెలోమియర్లు మనకన్నా చాలా పొడవు, అవి బతికేది రెండు మూడేళ్లే!

మాత్రల విషయంలో నా భయం వేరే. సుమారు 85-90 శాతం క్యాన్సర్లు ఇదే టెలోమరేజ్‌ని తిరిగి ఆన్ చేసుకుని ఆగకుండా పెరుగుతాయి.

ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) గానీ, ఎముక మజ్జ దెబ్బతినడం గానీ ఉంటే మాత్రం ఆ రిపోర్టు జెనెటిక్స్ డాక్టరుకు చూపించండి.